నగరి బండికి కొత్త పెట్రోలు పైపులు

కరోనా ఆంక్షలన్నీ ఎత్తేసిన మరుసటి ఏడాది, వానలు మొదలయ్యే వేళకు, మా కంపెనీ నన్ను చిత్తూరు బ్రాంచి నుంచి తిరుపతి వర్క్‌షాపుకు మార్చింది. హోదా వర్క్స్ మేనేజర్. రిటైర్మెంటుకు ఏడాది కూడా లేదు. బైపాస్ రోడ్డులో కొత్త షోరూము తెరవబోతున్నారు, అనుభవం ఉన్న మనిషి ఒకడు పక్కన ఉంటే మంచిదని యాజమాన్యం అనుకున్నట్టుంది. డిప్లొమా చేసి, చేతికి గ్రీజు పూసుకొని మొదలుపెట్టినవాణ్ణి నేను. టెక్నీషియన్‌గా, ఫ్లోర్ సూపర్‌వైజర్‌గా, సర్వీస్ మేనేజర్‌గా ఒక్కో మెట్టూ ఎక్కి అక్కడికి చేరాను. చివరి ఏడాది ప్రశాంతంగా గడుస్తుందనుకున్నాను. గడవలేదు. అందుకు నాకు విచారం కూడా లేదు.

జరిగింది చెప్పేముందు వర్క్‌షాపులో పని నడిచే తీరు కొంచెం చెప్పాలి. బండి లోపలికి రాగానే సర్వీస్ అడ్వైజర్ దాని చుట్టూ తిరిగి చూసి, కస్టమర్ చెప్పిన ఫిర్యాదులను జాబ్ కార్డులో రాసుకుంటాడు. ఆ కార్డు ఫ్లోర్ సూపర్‌వైజర్ చేతికి, అక్కడి నుంచి టెక్నీషియన్ చేతికి వెళుతుంది. పని అయ్యాక టెస్ట్ డ్రైవ్. అన్నిటికీ చివర వర్క్స్ మేనేజర్ గేట్ పాస్ మీద సంతకం పెడతాడు. ఆ చీటీ చూపిస్తేనే వాచ్‌మన్ గేటు తీస్తాడు. ఆ సంతకానికి ఒకటే అర్థం. ఈ బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని నేను పూచీ పడుతున్నాను. రోజూ పదుల కొద్దీ సంతకాలు పెట్టేవాడికి ఈ అర్థం మరిచిపోవడం చాలా తేలిక.

ఆడికృత్తిక పండగ సెలవులు ముగిసి, మరమగ్గాల ఊరైన నగరిలో పని మళ్ళీ మొదలైన వారంలో, టోయింగ్ లారీ మీద ఒక కారు మా ఆవరణలోకి వచ్చింది. ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. పైకప్పు లేదు. ముదురు ఆకుపచ్చ రంగు. నా వయసుకు దగ్గరగా ఉంటుంది దాని వయసు. సీట్ల మడతల్లో, బానెట్ సందుల్లో, హెడ్‌లైట్ల చుట్టూ తెల్లటి దూదిపీచు పేరుకొని ఉంది. మరమగ్గాల షెడ్డులో నిలబెట్టారని చూడగానే తెలిసిపోయింది.

దాన్ని సంపాదించింది నగరిలో మగ్గాల షెడ్డు నడిపిన మునిరత్నం అనే ఆయన. లుంగీలు, తువ్వాళ్ళు నేయించేవాడు. ఏనాడో చెన్నైలో ఒక పాత ఇనుము యార్డులో, కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న స్థితిలో ఈ కారును చూసి, లారీకెక్కించి తెచ్చుకున్నాడట. మగ్గాల పని చూసుకుంటూనే ఏళ్ళ తరబడి దాన్ని బాగుచేసుకున్నాడు. తర్వాత లుంగీ కట్టుకొని, మెడలో తువ్వాలు వేసుకొని, ఆ కారులో పుత్తూరుకు టీ తాగడానికి వెళ్ళేవాడట. జనం నవ్వేవారు. ఆయన చెయ్యి ఊపేవాడు. కరోనా రెండో దఫాలో ఆయన పోయాడు. కారు షెడ్డులోనే ఉండిపోయింది.

ఈ సంగతులన్నీ నాకు చెప్పింది బాలాజీ. మునిరత్నం తమ్ముడి కొడుకు. మర్యాదస్తుడు, కష్టపడే మనిషి. కారును చెన్నైలో పాత కార్లు సేకరించే ఒక పెద్దమనిషికి అమ్మడానికి మాట అయిపోయిందన్నాడు. మా ఎం.డి.కి ఆ పెద్దమనిషి స్నేహితుడు. కొత్త షోరూము తెరిచే రోజున ఈ కారును మా వర్క్‌షాపు నుంచి మేళతాళాలతో ఊరేగింపుగా బైపాస్ దాకా నడిపించాలని, ముఖ్య అతిథిని పక్క సీట్లో కూర్చోబెట్టుకొని ఎం.డి. స్వయంగా నడపాలని, అక్కడ జనం ముందు తాళాలు కొనుగోలుదారుకు అందించాలని ఏర్పాటు. పత్రికల వాళ్ళకు కూడా కబురు వెళ్ళింది.

జాబ్ కార్డులో నాలుగే పనులు రాసి ఉన్నాయి. వాష్, పాలిష్, కొత్త బ్యాటరీ, స్టార్ట్ చేసి చూడటం. కింద ఎర్ర ఇంకుతో ‘ఒరిజినల్ భాగాలేవీ మార్చరాదు’ అని ఉంది. ఎవరు రాయమన్నారని అడిగితే అడ్వైజర్ పైకి, ఎం.డి. గది వైపు చూపించాడు.

స్టార్ట్ చేసేముందు ఒకసారి చూద్దామని దేవదానాన్ని పిలిచాను. సీనియర్ టెక్నీషియన్. చిత్తూరులో నా దగ్గరే పని నేర్చుకొని నాకంటే ముందు తిరుపతికి వచ్చినవాడు. కారును లిఫ్టు మీద పైకెత్తి ఇద్దరం కిందికి దూరాం.

ఆ కారులో పెట్రోలు ట్యాంకు వెనక డిక్కీ కింద ఉంటుంది. పక్కనే చిన్న ఎలక్ట్రిక్ పంపు. అక్కడి నుంచి సన్నటి ఉక్కు గొట్టం కారు పొట్ట కింద పొడవునా ముందుకు వస్తుంది. ఇంజన్ అదురుతుంది కాబట్టి దాని దగ్గర ఉక్కు పనికిరాదు, విరుగుతుంది. అక్కడ రబ్బరు పైపు మొదలవుతుంది. పైన నూలు అల్లిక, లోపల రబ్బరు. గాలిని, పెట్రోలును కలిపి ఇంజనుకు పంపే రెండు కార్బ్యురేటర్లకూ అది పెట్రోలు అందిస్తుంది. ఆ కార్బ్యురేటర్లకు సరిగ్గా కిందనే, ఇంజన్ నుంచి పొగ బయటికి తీసుకుపోయే ఇనుప గొట్టాల గుత్తి ఉంటుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు దాని మీద నీటిచుక్క పడితే చుయ్యిమని ఎగిరిపోతుంది. పెట్రోలు చుక్క పడితే ఏమవుతుందో ఎవరైనా ఊహించగలరు.

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. కొత్త బండ్లకు దాన్ని తట్టుకొనే పైపులు వేస్తున్నారు. పాతకాలపు రబ్బరు తట్టుకోలేదు. లోపల పొరలుగా ఊడుతుంది. బండి ఏడాదుల తరబడి కదలకుండా ఉండి పైపు ఎండిపోతే గట్టిపడి పగులుతుంది. ఆ కారులో రెండూ జరిగాయి. ఉక్కు గొట్టాన్ని పట్టుకున్న క్లిప్పుల కింద తుప్పు తిని, వేలుతో రుద్దితే పొట్టు రాలింది. నూలు అల్లిక మీద దేవదానం బొటనవేలితో నొక్కితే లోపల బిస్కట్టు విరిగినట్టు చప్పుడైంది.

ఇంకో పరీక్ష ఉంది. ఇలాంటి పంపు పెట్రోలు తోస్తున్నప్పుడు టిక్ టిక్‌మని కొట్టుకుంటుంది. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి ఉంచితే, కార్బ్యురేటర్లు నిండేదాకా కొట్టుకొని ఆగిపోవాలి. పెట్రోలు పోవడానికి దారి లేదు కాబట్టి. ట్యాంకులో కొంచెం పెట్రోలు పోసి, పక్కన అగ్నిమాపక సిలిండరు పెట్టుకొని తాళం తిప్పాను. పంపు కొట్టుకుంది. ఆగలేదు. కాసేపు నిదానించి మళ్ళీ టిక్‌మంది. ఎక్కడికో పెట్రోలు పోతోంది. పైపు చివర తెల్లగుడ్డ చుట్టి తీస్తే గుడ్డ తడిసి నల్లబడింది. తాళం తీసేసి, బ్యాటరీ వైరు విప్పేసి, ఎం.డి. గదికి వెళ్ళాను.

మా ఎం.డి. కంపెనీ స్థాపించినాయన కొడుకు. నాకంటే చాలా చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. చెడ్డమనిషని చెప్పను. తొందర ఎక్కువ. నేను చెప్పింది విని, ‘ఇంత పొద్దుకు ఈ మాట చెప్తే ఎట్లన్నా? బైపాస్ ఏమన్నా దూరమా? ఇట్ల పోయి అట్ల ఆగిపోయేదే గదా, ఏమవుతాది?’ అన్నాడు.

‘కాలేదానికి దూరంతో పని లేదు సార్. పైపులన్నీ మార్చల్ల. అంతదాకా ఆ ఇంజన్ స్టార్ట్ చేసేది లేదు’ అన్నాను.

ఎం.డి. కొనుగోలుదారును ఫోన్ చేసి పిలిపించాడు. ఆయన మర్నాడే వచ్చాడు. తెలుగాయనే, చెన్నైలో స్థిరపడ్డాడు. ఆయన్ని నేను తక్కువ చేసి చెప్పను. పాత కార్ల గురించి ఆయనకు నిజంగానే చాలా తెలుసు. బానెట్ ఎత్తి, కళ్ళద్దాలు సవరించుకొని, పైపు మీద మాసిపోయిన ముద్ర ఒకటి నాకు చూపించాడు. అది కారు తయారైన కాలంలో ఫ్యాక్టరీలో వేసిన ముద్ర. ‘కారును ఎన్నిసార్లయినా బాగుచెయ్యొచ్చు మేనేజర్ గారూ. ఒరిజినల్‌గా ఉండేది మాత్రం ఒక్కసారే. ఇలాంటి పైపు ఇంకా నిలిచి ఉన్న బండి నేనింతవరకూ చూడలేదు’ అన్నాడు. ఆ గొంతులో ఉన్న ప్రేమ నటన కాదు.

పాత పైపులు జాగ్రత్తగా విప్పి పెట్టెలో పెట్టి ఇస్తాను, బండికి కొత్తవి వేయనివ్వండి అన్నాను. విప్పబోతే ముద్ర దగ్గరే ముక్కలవుతుందని ఆయన జవాబు. అది నిజమే. ‘ఊరేగింపు ఒక్కటి అయిపోతే తర్వాత దీంట్లో పెట్రోలే పొయ్యను. ట్యాంకు ఎండబెట్టి ఏసీ హాల్లో పెడతాను. ఆ ఒక్కరోజుకు సర్దుకోండి’ అన్నాడు. మా ఎం.డి. మధ్యలో అందుకొని, పైపు చివర్లకు సీలెంట్ పూసి నల్ల టేపు చుట్టేయమన్నాడు. ఫోటోల్లో కనపడదన్నాడు.

ఫోటోల్లో కనపడదనే మాటకు నాకు కోపం వచ్చింది. వందల మంది జనం, చుట్టూ టపాకాయలు, పక్క సీట్లో ఒక అతిథి, ఆ పగిలిన పైపు కింద కాలుతున్న ఇనుము. ఇన్నేళ్ళ సర్వీసులో టేపు చుట్టి బయటికి పంపిన బండి నా చేతి మీదుగా ఒక్కటీ వెళ్ళలేదు. ఆ మాటే చెప్పాను. గొంతు కొంచెం పెద్దదే అయింది.

ఎం.డి. గేట్ పాస్ పుస్తకం తెప్పించి నా ముందుకు తోశాడు. నేను పెన్నుకు మూత పెట్టి జేబులో పెట్టుకున్నాను.

‘నేను పెట్టను సార్. కంపెనీ మీది. మీరు పెడితే కూడా వాచ్‌మన్ గేటు తీస్తాడు. పెట్టండి’ అన్నాను.

ఆయన పెన్ను తీశాడు. అద్దం అవతల లిఫ్టు మీదున్న కారు వైపు చూశాడు. పుస్తకం మీద చెయ్యి అలాగే ఉంది. చివరికి పెన్ను పక్కన పెట్టి, ‘ఫంక్షన్ అయ్యేదాకా నువ్వు లీవులో పోన్నా. ఆ సంగతి నేను చూసుకుంటా’ అన్నాడు.

‘లీవు అక్కర లేదు సార్. కావాలంటే మీరే కాగితం మీద రాసిచ్చి పంపండి’ అని చెప్పి బయటికి వచ్చాను. కాగితం రాలేదు.

నా బల్ల దగ్గర కూర్చొని జాబ్ కార్డు ఫైలు మళ్ళీ తిరగేశాను. ఆర్.సి. వళ్ళియమ్మ అనే పేరు మీద ఉంది. మునిరత్నం భార్య. ఆయన పోయాక బండి ఆమె పేరుకు మారింది. జాబ్ కార్డు మీద సంతకం మాత్రం బాలాజీది. ప్రమాదం తెచ్చే లోపం ఏది కనపడినా బండి యజమానికి చెప్పి తీరాలని మా పనిలో నియమం. యజమాని అంటే ఆర్.సి.లో పేరున్న మనిషి. కుటుంబాన్ని కంగారు పెట్టొద్దని ఎం.డి. ముందే అన్నాడు. నేను బాలాజీ దగ్గర నంబరు తీసుకొని ఆమెకు ఫోన్ చేశాను.

అవతల మగ్గాల చప్పుడు. కేకలు వేసి మాట్లాడాల్సి వచ్చింది. బండి పెట్రోలు పైపులు పగిలి ఉన్నాయని, మార్చకుండా నడిపితే మంటలు లేస్తాయని, వాళ్ళు మార్చవద్దంటున్నారని చెప్పాను. చప్పుడు దూరమైంది. పక్కకు వచ్చినట్టుంది.

‘నువ్వెవురప్పా?’ అంది.

‘ఈడ మేనేజరును. చెంగల్రాయులు నా పేరు.’

‘అమ్మేది గూడా వద్దనే చెప్పినాను నేను. నా మాట యాడ ఇనిపించుకుంటారు! రేపు పొద్దున బస్సుకు వస్తా. వాళ్ళకు చెప్పబాక, గమ్మునుండు’ అని పెట్టేసింది.

మర్నాడు పొద్దున వాచ్‌మన్ గేటు దగ్గర ఎవరితోనో వాదిస్తున్నాడు. చేతిలో గుడ్డసంచీ, కాళ్ళకు రబ్బరు చెప్పులు, అరవై దాటిన మనిషి. బలంగా ఉంది. కస్టమర్లు రిసెప్షన్ వైపు నుంచి రావాలని వాచ్‌మన్ అంటున్నాడు. ‘నా బండి ఈపక్క ఉంటే ఆపక్క నుంచి ఎందుకు వస్తా?’ అంటోంది ఆమె. నేను వెళ్ళి లోపలికి తీసుకొచ్చాను.

ఆమె నేరుగా బండి దగ్గరికి నడిచింది. సంచీ నేల మీద పెట్టి, చీర కొంగు నడుముకు దోపి, ‘యాడ పగిలిండాది, సూపీ’ అంది. టార్చి వెలుగులో పైపు చూపించాను. వేలితో ఒత్తి చూసింది. పొట్టు రాలి ఆమె గోటి కింద నల్లగా చేరింది. తర్వాత బ్యాటరీ తగిలించి తాళం తిప్పమంది. పంపు కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆమె తల వంచి వింది.

‘నిలిచిపోవల్ల గదా ఇది?’ అంది.

అప్పటికి కబురందుకొని బాలాజీ వచ్చాడు. కొనుగోలుదారు, ఎం.డి. కూడా కిందికి దిగి వచ్చారు. బాలాజీకి ఆ మాట వినపడింది. ‘నీకెట్ల తెలుసు పెద్దమ్మా?’ అన్నాడు.

‘నడిపినదాన్ని నాకు తెలీదా?’

‘నువ్వా! ఎప్పుడు నడిపినావు?’

‘మీరంతా లేవకముందే పుత్తూరు రోడ్డులో నడిపేదాన్ని. మీ పెదనాయన పక్కన కూసోని కునుకు తీసేటోడు.’

దేవదానం నవ్వు ఆపుకోలేక లిఫ్టు వెనక్కి వెళ్ళాడు. బాలాజీ మొహంలో నవ్వు లేదు. ఆ మనిషికి భయం వేసింది, అది స్పష్టంగా కనిపించింది. కొనుగోలుదారు ముందుకు వచ్చి, ఆమెకు దండం పెట్టి, మెల్లగా చెప్పాడు. ‘అమ్మా, నా దగ్గర దీన్ని పసిబిడ్డలాగా చూసుకుంటాను. ఎండ తగలదు, దుమ్ము తగలదు. పెట్రోలు కూడా పొయ్యను.’

‘పెట్రోలు పొయ్యకపోతే ఎట్ల పోతాది?’

‘పోదమ్మా. అట్లాగే ఉంటుంది. మా మనవళ్ళ కాలానికి కూడా ఇట్లాగే ఉంటుంది.’

ఆమె కాసేపు ఆయన మొహంలోకి చూసింది. ‘అట్లయితే ఇయ్యను’ అంది.

ఎం.డి. ఏదో చెప్పబోయాడు. ఆమె అటు చూడలేదు. బాలాజీ ఆమె చెయ్యి పట్టుకొని పక్కకు పిలిచాడు గానీ మాటలు అందరికీ వినిపించాయి.

‘మాట ఇచ్చినాము పెద్దమ్మా.’

‘నువ్విచ్చినావు. నన్నెవురడిగినారు?’

‘ఈ వయసులో నువ్వు నడిపి యాడన్నా కొట్టుకుంటే నేనేం జెయ్యల్ల? మనోళ్ళు ఏమంటారు?’

‘అననీ. లుంగీ కట్టుకోని కారెక్కినాడని ఆయన్ని గూడా అనినారు. అన్నోళ్ళల్లో ఒక్కడన్నా మాకు పెట్రోలు పోయించినాడా?’ అని, చెయ్యి విడిపించుకొని నా వైపు తిరిగింది. ‘మార్చప్పా. ఒకటి మార్చి ఒకటి వదిలిపెట్టేది కాదు. ముందు నుంచి వెనక దాకా అన్నీ మార్చు.’

అడ్వైజర్‌తో కొత్త జాబ్ కార్డు తెరిపించాను. పెట్రోలు లైను పూర్తిగా మార్చాలని రాయించి, ఆమె చేత సంతకం పెట్టించాను. ఒక్కో అక్షరం గట్టిగా అదిమి రాసింది. ఎం.డి. ఆ పని మన దగ్గర జరగదన్నాడు. అలాగైతే కస్టమర్‌కు ఆ మాట కంపెనీ కాగితం మీద రాసివ్వండి అన్నాను. పత్రికల వాళ్ళు వచ్చే వారంలో అలాంటి కాగితం ఎవరూ రాయరు. ‘నీ ఇష్టమన్నా. నా మనుషుల్ని మాత్రం ఈ పనికి ఇయ్యను’ అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

దేవదానం సెలవు చీటీ రాసి సూపర్‌వైజర్ చేతిలో పెట్టాడు. బయటికి వెళ్ళి టీ తాగి, సొంత చొక్కాతో తిరిగి వచ్చి, అదే కారు కింద పడుకున్నాడు. సూపర్‌వైజర్ నా మొహం చూశాడు. సెలవులో ఉన్న మనిషి ఎక్కడ పడుకోవాలో కంపెనీ రూల్సులో లేదని చెప్పాను. ఆ వయసులో నేను కూడా మళ్ళీ టెక్నీషియన్ల నీలం చొక్కా తొడుక్కున్నాను.

ఇథనాల్‌ను తట్టుకొనే పైపు చెన్నై నుంచి రావాలి. అది వచ్చేదాకా వళ్ళియమ్మ తిరుచానూరులో ఒక లాడ్జిలో దిగింది. పొద్దున అమ్మవారి దర్శనం చేసుకొని, ముగ్గురికీ ఇడ్లీ పొట్లాలు కట్టించుకొని వచ్చేది. స్టూలు మీద కూర్చొని చేసే ప్రతి పనికీ ఎందుకని అడిగేది. మొదట విసుగనిపించింది. తర్వాత అడగకపోతే నేనే చెప్పేవాణ్ణి.

ముందు ట్యాంకు ఖాళీ చేశాం. కారు నిలిపిన చోటికి ఫోన్లు, బీడీలు రాకుండా చూశాం, ఇసుక బకెట్లు పెట్టించాం. ట్యాంకు దగ్గర ఉక్కు గొట్టాన్ని బిగించిన నట్టు తుప్పుతో కరుచుకుపోయింది. మామూలుగా అలాంటి నట్టును వేడిచేసి వదులు చేస్తాం. పెట్రోలు ట్యాంకు పక్కన వేడి పెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. తుప్పు వదిలించే నూనె పోస్తూ, ఆగుతూ, కొంచెం తిప్పి మళ్ళీ పోస్తూ ఒక పూటంతా దానికే సరిపోయింది. ‘సుత్తితో ఒకటియ్యరాదా అప్పా?’ అని వళ్ళియమ్మ అడిగింది. కొడితే నట్టు కాదు, ట్యాంకే చిరుగుతుందని చెప్పాను. చివరికి అది కిర్రుమని తిరిగినప్పుడు దేవదానం కారు కింద నుంచి స్తోత్రం చెప్పాడు.

పాత ఉక్కు గొట్టం బయటికి తీసి, దాని వంపులన్నీ కొలతకు పెట్టుకొని, రాగి, నికెల్ కలిసిన కొత్త గొట్టాన్ని అచ్చంగా అలాగే వంచాం. ఆ లోహానికి తుప్పు పట్టదు. చేత్తో వంచితే గొట్టం నలిగి లోపలి దారి సన్నబడుతుంది, అందుకు వంచే పనిముట్టు వేరే ఉంటుంది. చివర్లను గరాటులాగా విప్పారేలా చేసి నట్టులో కూర్చోబెట్టాలి. ఆ పని దేవదానం చేశాడు. మొదటిసారి చేసినదాంట్లో వెంట్రుక వాసి చీలిక కనపడితే కోసి పారేసి మళ్ళీ చేశాడు. గొట్టం రేకులో నుంచి దూరే చోటల్లా రబ్బరు వాషరు పెట్టాం, అదురుకు రాసుకొని తెగకుండా. ఇంజన్ దగ్గర కొత్త రబ్బరు పైపులు వేసి, పైపును కోయకుండా చుట్టూ సమానంగా పట్టుకొనే గుండ్రటి క్లిప్పులు బిగించాం.

ముద్ర ఉన్న పాత పైపును నేనే విప్పాను. ఆ పెద్దమనిషి చెప్పినట్టే ముక్కలైంది. ముద్ర ఉన్న ముక్క మాత్రం పగలకుండా చేతికొచ్చింది. ఆ సాయంత్రం ఆయన వచ్చి, మొహమాటపడుతూ, ఆ ముక్క తనకిస్తారా అని అడిగాడు. వళ్ళియమ్మ దాన్ని గుడ్డతో తుడిచి ఆయన చేతిలో పెట్టింది. ‘ముద్ర నువ్వు పెట్టుకో నాయనా. బండి నాకుండనీ’ అంది. ఆయన నవ్వాడు. నిజానికి ఆ గొడవలో అందరికంటే మర్యాదగా ఓడిపోయింది ఆయనే.

షోరూము ఫంక్షన్ మా కారు లేకుండానే జరిగిపోయింది. కొత్త మోడల్ కారుకు పూలు కట్టి ఊరేగించారు. మేళం మా గేటు ముందు నుంచే వెళ్ళింది. మేము ముగ్గురం అప్పుడు జాయింట్ల చుట్టూ తెల్లకాగితాలు చుడుతున్నాం. చెమ్మ ఏ మాత్రం ఉన్నా కాగితం మీద తెలుస్తుంది. ట్యాంకులో పెట్రోలు పోసి తాళం తిప్పాను. పంపు గబగబా కొట్టుకొని, నెమ్మదించి, ఆగిపోయింది. ముగ్గురం మాట్లాడకుండా చాలాసేపు విన్నాం. మళ్ళీ కొట్టుకోలేదు. అప్పుడు ఇంజన్ స్టార్ట్ చేశాం. మొదట దగ్గింది, పొగ వదిలింది, తర్వాత నిలకడగా పాట అందుకుంది.

టెస్ట్ డ్రైవ్ మేనేజరు నడిపి, కస్టమర్ పక్కన కూర్చోవడం రివాజు. ఆమె తానే నడుపుతానంది. లైసెన్సు చూపించమని అడిగాను. దేవదానం నా వైపు కోపంగా చూశాడు. కానీ ఎం.డి.కి ఒక రూలు, ఆమెకు ఒక రూలు పెట్టలేను కదా. ఆమె గుడ్డసంచీలో నుంచి తీసి ఇచ్చింది. గడువు లోపలే ఉంది. నేను పక్క సీట్లో కూర్చున్నాను.

రేణిగుంట దాటేదాకా ఆమె చేతులు బిగిసే ఉన్నాయి. గేరు మార్చిన ప్రతిసారీ కింది పెదవి కరుచుకొనేది. ఒక లారీ డ్రైవరు పక్కకు వచ్చి, చూసి, నమ్మలేక మళ్ళీ చూశాడు. పుత్తూరు రోడ్డు ఎక్కాక భుజాలు వదులయ్యాయి. కొంగు ఎగరకుండా తొడ కింద పెట్టుకొని, యాక్సిలరేటర్ తొక్కింది. గాలికి నా కళ్ళద్దాలు పోతాయని చేత్తో పట్టుకున్నాను. నిదానంగా పొమ్మని చెప్పాలనుకున్నాను, చెప్పలేదు. తిరిగొచ్చాక, ఇంజన్ బాగా వేడిగా ఉండగా బానెట్ ఎత్తి కాగితాలన్నీ ఒక్కొక్కటే విప్పి చూశాం. అన్నీ పొడిగా ఉన్నాయి.

గేట్ పాస్ పుస్తకం తెప్పించి సంతకం పెట్టాను. ఎం.డి. పై అంతస్తులో అద్దం దగ్గర నిలబడి చూస్తున్నాడు. చూడాలనే నేను కూడా ఆవరణలో నిలబడి, అందరికీ కనపడేలా పెట్టాను. వాచ్‌మన్ గేటు తీశాడు. బాలాజీ తన మోటారుసైకిల్ మీద ఆమె వెనకే నగరి దాకా వెళ్ళాడు.

తర్వాతి వారం నాకు మెమో వచ్చింది. యాజమాన్యం సూచనలను ధిక్కరించినందుకు, అనుమతి లేకుండా కస్టమర్‌ను సంప్రదించినందుకు సంజాయిషీ ఇవ్వాలని. ఆ సూచనలు రాతలో ఉంటే నకలు పంపవలసిందిగా కోరుతున్నానని, కస్టమర్‌కు ప్రమాదం గురించి చెప్పడం నా విధి అని, అలాంటి బండే మళ్ళీ వస్తే అలాగే చేస్తానని జవాబు రాశాను. క్షమాపణ మాట అందులో ఎక్కడా లేదు. నన్ను తిరిగి చిత్తూరుకు పంపారు. ఈసారి వర్క్‌షాపుకు కాదు, స్పేర్ పార్టుల గోడౌన్‌కు. హోదా ఇన్‌చార్జి. నాకంటే ఎంతో జూనియర్ చేసే పని. దేవదానానికి ఒక వార్నింగు లెటరు ఇచ్చారు. అతను దాన్ని మడిచి టూల్ బాక్సులో స్పానర్ల కింద పరుచుకున్నాడు. మిగిలిన నెలలు నేను ఆయిల్ ఫిల్టర్ల మధ్య, బ్రేక్ ప్యాడ్ల మధ్య గడిపాను. రోజూ వేళకు వెళ్ళాను. రిటైరైన రోజున సభ పెట్టలేదు, నేను అడగలేదు.

వళ్ళియమ్మ ఇప్పటికీ ఆ కారు నడుపుతోంది. బ్రేకు మెత్తగా ఉందనో, పొద్దున స్టార్ట్ కావడం లేదనో అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. ఈమధ్య కార్వేటినగరం దాకా పోయి వచ్చినానని చెప్పింది. పక్క సీట్లో బాలాజీ కూర్చున్నాడట, దారి పొడవునా దేవుణ్ణి తలుచుకుంటూ.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు అడిగితే ఈ ఉదంతం నుంచి నేను చెప్పేది కొంచెమే. రబ్బరుకు ఆయుష్షు ఉంటుంది. కారు ఎంత అరుదైనదైనా, అడిగేవాడు ఎంత పెద్దవాడైనా ఆ ఆయుష్షు పెరగదు. తీరిపోతే మార్చాలి, మార్చనివ్వకపోతే సంతకం పెట్టకూడదు. నోటితో చెప్పిన ఆదేశాన్ని కాగితం మీద పెట్టమని అడగాలి. అడిగినందుకు శిక్ష పడొచ్చు. నాకు పడింది. దాన్ని భరించడం, నేను భయపడినంత కష్టం కాలేదు. గోడౌన్‌కు పంపి నన్ను తగ్గించామని వాళ్ళు అనుకున్నారు. అక్కడ కూడా సామాను బయటికి పోవాలంటే నా సంతకమే కావలసి వచ్చింది. చూసి, సరిగా ఉంటేనే పెట్టాను.